చెన్నై అటకల మీద తెలుగు నాటక, సినీ రచయితల కాగితాలు

మద్రాసు కేంద్రంగా తెలుగు నాటకానికీ సినిమాకూ కలం పట్టిన రచయితల్లో తొలి తరాలు వెళ్ళిపోయాయి. మల్లాది రామకృష్ణశాస్త్రి 1965లో, సముద్రాల రాఘవాచార్య 1968లో, పింగళి నాగేంద్రరావు 1971లో, పాలగుమ్మి పద్మరాజు 1983లో, ఆచార్య ఆత్రేయ 1989లో కన్నుమూశారు. తర్వాతి తరంలో గణేశ్ పాత్రో 2015లో, గొల్లపూడి మారుతీరావు 2019లో చెన్నైలోనే తుదిశ్వాస విడిచారు. వీరు పనిచేసిన సినిమాలు ఇప్పటికీ టీవీలో వస్తున్నాయి, పాటలు వినిపిస్తున్నాయి, నాటకాలు కొన్ని అచ్చులో దొరుకుతున్నాయి. అయితే ఒక నాటకమో సినిమానో తయారవుతున్న రోజుల్లో రచయిత బల్ల మీద పుట్టే కాగితాలు వేరే ఉంటాయి. చిత్తుప్రతులు, సీను పేపర్లు, నిర్మాతల ఉత్తరాలు, అడ్వాన్సు రసీదులు, ప్రాంప్టరు (తెర వెనక నుంచి నటులకు మాట అందించేవాడు) గీతలు గీసిన నాటక ప్రతులు వగైరా. టి.నగర్, వడపళని, కోడంబాక్కం ఇళ్ల అటకల మీదకూ ఇనప్పెట్టెల్లోకీ చేరిన ఈ తరహా కాగితాలను ఒక సాహిత్య సంపదగా చూసే అలవాటు తెలుగువారికి ఇంకా బలపడలేదు. ఈ నిర్లక్ష్యం వల్ల పోయేది ఒక కుటుంబం జ్ఞాపకాలు మాత్రమే అయితే ఇంత చర్చ అవసరం ఉండేది కాదు. తెలుగు నాటక చరిత్రలో, సినిమా చరిత్రలో ఏది ఎవరు రాశారన్న ప్రశ్నకు దొరకగలిగిన సాక్ష్యం వాటితోపాటే పోతోంది.

నవల రాసినవారికి తుది పాఠం మీద అధికారం చాలావరకు తమ చేతిలోనే ఉంటుంది. అచ్చయిన పుస్తకం చూస్తే రచయిత ఏమనుకున్నాడో తెలిసిపోతుంది. నాటక రచయితకు అంత వెసులుబాటు లేదు. రిహార్సల్లో దర్శకుడు ఒక రంగం తీసేస్తాడు, నటుడికి నోరు తిరగని మాట మారిపోతుంది. సినిమాలో అయితే కథా చర్చల నుంచి డబ్బింగు థియేటరు దాకా ఎన్ని చేతులు పడతాయో లెక్క చెప్పడం కష్టం. తెర మీద వినిపించే మాట రచయిత కాగితం మీద పెట్టిన మాటేనా, కాకపోతే ఎక్కడ మారింది, ఎందుకు మారింది అన్నది తెలియాలంటే సినిమా చూస్తే సరిపోదు. నటుల ఇంటర్వ్యూలు, ఆత్మకథలు కొంత చెబుతాయి, కానీ అవి సంఘటన జరిగిన దశాబ్దాల తర్వాత చెప్పిన మాటలు. ఆ రోజున, ఆ పని మధ్యలో పుట్టిన సాక్ష్యం కాగితం ఒక్కటే.

ఆ సాక్ష్యం ఎలా ఉంటుందో దగ్గరగా చూడవచ్చు. మద్రాసు పద్ధతిలో రాసిన సీను పేపరు సాధారణంగా ఫుల్‌స్కేప్ కాగితం. నిలువునా ఒక గీతతో రెండు భాగాలుగా ఉంటుంది. ఎడమవైపు పాత్రల కదలికలు, కుడివైపు సంభాషణలు. పైన సీను సంఖ్య, స్థలం, పగలా రాత్రా, ఆ సీనులో ఉండే పాత్రలు. ఇక్కడే మొదటి ఆధారం దొరుకుతుంది. పద్నాలుగు అని రాసి కొట్టేసి పద్నాలుగు-ఎ అని, దాన్నీ కొట్టేసి పదిహేడు అని ఉంటే, ఆ సన్నివేశం కథలో మొదట ఎక్కడుండేదో, వన్‌లైన్ ఆర్డరు (సీనుకో వాక్యంగా రాసుకున్న కథాక్రమం) మారినప్పుడు ఎక్కడికి జరిగిందో తెలుస్తుంది. కుడివైపు భాగంలో నాలుగు పంక్తుల మాటను వేరే రంగు సిరాతో కొట్టేసి, పైన ఒక్క పంక్తి రాసి ఉంటే అది రెండోసారి కూర్చున్నప్పుడు చేసిన మార్పని అర్థం. పాత్ర పేరు ఉండాల్సిన చోట నటుడి పేరు రాసుకుంటే, ఆ మాట ఆ నటుడు పలికే తీరుకు తగ్గట్టు కుట్టినదని ఊహించవచ్చు. రచయిత చేతిరాత మధ్యలో మరొకరి చేతిరాత కనిపిస్తే, అది నకలు తీసిన సహాయకుడిదో, దర్శకుడిదో, మరో రచయితదో తేల్చుకోవలసి ఉంటుంది.

తేదీ వేసే అలవాటు చాలామందికి ఉండదు కాబట్టి కాలనిర్ణయానికి కాగితమే సాయపడాలి. చిత్తు రాసుకోవడానికి రచయితలు చేతికందిన కాగితమల్లా వాడేవారు. వాటిలో నిర్మాణ సంస్థల లెటర్‌హెడ్‌లు ఉంటాయి. చిరునామాలో 'మద్రాసు-17' అని ఉంటే అది టి.నగర్, 'మద్రాసు-26' అని ఉంటే వడపళని. పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది కనుక 600017 అని అచ్చయిన కాగితం ఆ తేదీకి ముందుది కాదు. నగరం పేరు 1996లో చెన్నైగా మారింది. రసీదులో లెక్క అణాల్లో ఉంటే అది దశాంశ నాణేలు వచ్చిన 1957కు ముందుదో, ఆ తర్వాత కొద్ది కాలానిదో. ఇలాంటి చిన్న గుర్తులు నాలుగు కలిస్తే, తేదీ లేని చిత్తుప్రతి ఏ సంవత్సరాల మధ్యదో చెప్పవచ్చు. కాగితం వెనకవైపు ఉన్న పాలలెక్క, రైలు టిక్కెట్టు వివరం పనికిమాలినవని చించేస్తే ఈ ఆధారమూ పోతుంది.

నాటకాల సంగతికి వస్తే, వెర్షన్ల విలువ తెలుగు పాఠకులకు కొత్తేమీ కాదు. గురజాడ కన్యాశుల్కం 1892లో తొలిసారి ప్రదర్శితమై 1897లో అచ్చయింది. 1909లో వచ్చిన రెండో కూర్పు దాదాపు కొత్త నాటకమే. రెండూ అచ్చయ్యాయి కాబట్టే వాటిని పక్కపక్కన పెట్టి చదివే విమర్శ ఒకటి ఎదిగింది. 1940ల తర్వాత మద్రాసు కేంద్రంగా రాసినవారి నాటకాల్లో చాలావాటికి మధ్య దశలు అచ్చు కాలేదు. వాటికి ప్రాంప్టరు ప్రతే దిక్కు. తెర వెనక నిలబడి మాట అందించే మనిషి చేతిలోని ఆ ప్రతిలో తీసేసిన పంక్తులు, నటుల రాకపోకల గుర్తులు, లైటు మార్పులు, తెర పడే చోట్లు ఉంటాయి. 1929లో మొదలైన ఆంధ్ర నాటక కళాపరిషత్తు వంటి సంస్థల పోటీలకు వెళ్ళిన నాటకాలయితే గడియారానికి లోబడాలి. రెండున్నర గంటల నాటకాన్ని పోటీ కోసం కుదించినప్పుడు రచయిత దేన్ని వదులుకున్నాడో, దేన్ని వదులుకోలేకపోయాడో చూస్తే అతని దృష్టిలో నాటకానికి ప్రాణం ఎక్కడుందో తెలుస్తుంది. ఏ ముందుమాటా ఇంత నిజాయితీగా ఆ సంగతి చెప్పలేదు.

రేడియోను కూడా ఈ లెక్కలో చేర్చాలి. మద్రాసు ఆకాశవాణి కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చేదాకా కోస్తా, రాయలసీమ శ్రోతలకు తెలుగు నాటకం ఎక్కువగా అక్కడి నుంచే వినిపించింది. రంగస్థలం మీద కనుసైగతో సరిపెట్టే చోట రేడియో ప్రతిలో ఒక మాట రాయాలి, ఒక తలుపు చప్పుడు సూచించాలి. నాటకం, రేడియో, సినిమా ఈ మూడింటికీ రాసిన గొల్లపూడి వంటివారి విషయంలో ఒకే ఇతివృత్తం మాధ్యమం మారినప్పుడల్లా ఎలా రూపం మార్చుకుందో కాగితాల్లోనే కనిపిస్తుంది.

నాటకాల కాగితాలు ఒక చోటికి, సినిమా కాగితాలు మరో చోటికి పంపే పద్ధతి అందుకే నష్టదాయకం. పింగళి నాటకం వింధ్యరాణి 1948లో సినిమా అయింది. ఆత్రేయ నాటకం ఎన్.జి.ఓ. ఆధారంగా 1953లో గుమాస్తా వచ్చింది. గొల్లపూడి నాటకం కళ్ళు 1988లో తెరకెక్కింది. నాటకంలో ఒక గదిలో నడిచే కథ సినిమాలో వీధిలోకి వస్తుంది, పాటలు చేరతాయి, ముగింపు కొన్నిసార్లు మెత్తబడుతుంది. ఆ మెత్తదనం రచయిత కోరుకున్నదా, పంపిణీదారు అడిగినదా అన్నది ముఖ్యమైన ప్రశ్న. నాటక ప్రతి ఒక గ్రంథాలయంలో, స్క్రిప్టు చిత్తు మరో ఊళ్లో, నిర్మాత ఉత్తరం చెత్తబుట్టలో ఉంటే జవాబు చెప్పగలవారు ఎవరూ ఉండరు.

ఒకప్పుడు ప్రభుత్వమే, తనకు తెలియకుండా, నాటక ప్రతులకు సంరక్షకురాలైంది. 1876 నాటి నాటక ప్రదర్శనల చట్టం కింద అభ్యంతరకరమనిపించిన నాటకాన్ని నిషేధించే అధికారం బ్రిటిష్ ప్రభుత్వానికి దక్కింది. మద్రాసు రాష్ట్రం 1954లో తన సొంత చట్టం చేసుకుంది. దాని నీడలో నగరంలో నాటకం ఆడాలంటే ప్రతిని ముందుగా పోలీసులకు అందజేయడం ఆనవాయితీ అయింది. ఆ చట్టంలోని కీలక నిబంధనలు రాజ్యాంగ విరుద్ధమని మద్రాసు హైకోర్టు 2013లో కొట్టివేసింది. రచయితల స్వేచ్ఛ దృష్టితో చూస్తే ఆ తీర్పు ఎప్పుడో రావలసినది. అయితే ఇంగ్లండులో ఇలాంటి నిర్బంధమే ఒక గొప్ప భాండాగారాన్ని మిగిల్చింది. 1968 దాకా అక్కడ నాటకాలు రాజగృహ అధికారి అయిన లార్డ్ ఛాంబర్లేన్ కార్యాలయం అనుమతి పొందాల్సి వచ్చేది. 1824 నుంచి అలా చేరిన ప్రతులు ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. రచయితలు సైతం పోగొట్టుకున్న నాటకాలు అక్కడ దొరికాయి. మద్రాసులో 1920 నుంచి సినిమా సెన్సారు బోర్డు ఉంది. నేటికీ సర్టిఫికెట్ కోసం చేసే దరఖాస్తుతో కథాసారాంశం, పాటల పాఠం వంటివి జతచేయాలి. రచయిత ఇంట్లోని చిత్తును, సెన్సారుకు వెళ్ళిన పాఠాన్ని, విడుదలైన సినిమాను కలిపి చదివితేనే ఒక సంభాషణ పూర్తి ప్రయాణం తెలుస్తుంది.

సినిమా కాగితాల్లో అన్నిటికన్నా సున్నితమైనది కర్తృత్వం. దేవదాసు (1953) పాటలు తెర మీద సముద్రాల రాఘవాచార్య పేరుతో ఉన్నాయి. వాటిలో మల్లాది రామకృష్ణశాస్త్రి చేయి ఉందన్న మాట సాహిత్య వర్గాల్లో దశాబ్దాలుగా వినిపిస్తూనే ఉంది. టి.నగర్‌లోని పానగల్ పార్కు చెట్టు కింద మల్లాది కొలువుతీరిన రోజులను తలుచుకునే ప్రతి వ్యాసంలోనూ ఆ చర్చ తలెత్తుతుంది. ఇరుపక్షాలూ శైలిని బట్టి వాదిస్తారు, ఎవరో చెప్పగా విన్నదాన్ని బట్టి వాదిస్తారు. ఒక్క చిత్తుప్రతి, కొట్టివేతలతో సహా, ఏ చేతిరాతలో ఉందో చూడగలిగితే ఆ వాదనకు నేల దొరికేది. ఇద్దరూ పెద్ద రచయితలే, ఇద్దరి మీదా గౌరవం ఉన్నవారే ఈ చర్చ చేస్తున్నారు. ఆధారం లేకపోవడం వల్ల ఆ గౌరవం ఇద్దరిలో ఎవరో ఒకరికి అన్యాయం చేస్తోంది.

డబ్బింగు స్క్రిప్టులు ఇంకా చిత్రమైన వస్తువులు. 1950లో శ్రీశ్రీ మాటలు, పాటలు రాసిన ఆహుతితో తెలుగులో అనువాద చిత్రాల రచన మొదలైంది. ఈ పనిలో అర్థం సరిపోతే చాలదు, పెదవులు కూడా సరిపోవాలి. తెర మీద నటుడి పెదవులు కలిసిన చోట తెలుగు మాటలో కూడా ప, బ, మ వంటి అక్షరం పడాలి. నోరు తెరిచి ఆగిన చోట దీర్ఘం కావాలి. అందువల్ల డబ్బింగు చిత్తులో ఒకే వాక్యానికి మూడు నాలుగు పాఠాలు వరసగా ఉంటాయి. అందంగా ఉన్నది కొట్టేసి, పెదవులకు అమరినది ఉంచడం కనిపిస్తుంది. తెలుగు వాక్యాన్ని ఎన్ని విధాలుగా తిప్పి చెప్పవచ్చో నేర్చుకోవాలనుకునేవారికి ఇంతకు మించిన పాఠ్యపుస్తకం లేదు. పాతాళభైరవి, మాయాబజార్ వంటి సినిమాలను తెలుగు, తమిళ భాషలు రెండింటిలో తీసిన కాలంలో ఒకే సన్నివేశం రెండు భాషల రచయితల బల్లల మీద ఉండేది. ఆ కాగితాలు తమిళ సినిమా చరిత్రకు కూడా ఆధారాలే. నిజానికి ఈ రాకపోకలు సినిమాకన్నా పాతవి. 1891లో బళ్ళారి నుంచి వచ్చిన ధర్మవరం రామకృష్ణమాచార్యుల బృందం తెలుగు నాటకాలు చూసిన ఉత్సాహంతోనే తమిళ నాటక రచయిత పమ్మళ్ సంబంధ మొదలియార్ మద్రాసులో సుగుణ విలాస సభను స్థాపించారు.

తీయని సినిమాల స్క్రిప్టులు మరో విభాగం. అడ్వాన్సు ఇచ్చి, కథ రాయించుకుని, పెట్టుబడి కుదరక ఆగిపోయినవి ప్రతి రచయిత పెట్టెలోనూ ఉంటాయి. కుటుంబాలు వీటినే ముందు పారేస్తాయి, సినిమా రాలేదు కదా అని. విలువ విషయంలో ఇది తలకిందుల లెక్క. విడుదలైన సినిమాకు రీలు ఉంది, పాటల పుస్తకం ఉంది, పత్రికల్లో సమీక్ష ఉంది. ఆగిపోయిన సినిమాకు ఈ స్క్రిప్టు ఒక్కటే ఉనికి. పైగా ఇతరుల చేతులు పడని, రచయిత ఊహకు దగ్గరగా ఉన్న పాఠం ఇలాంటి వాటిలోనే దొరుకుతుంది. నాటకాలూ స్క్రీన్‌ప్లేలూ రాసిన బ్రిటిష్ రచయిత హెరాల్డ్ పింటర్ కాగితాలను 2007లో బ్రిటిష్ లైబ్రరీ 11 లక్షల పౌండ్లకు కొన్నది. నూటయాభైకి పైగా పెట్టెలు. ఆయన రాసిన స్క్రీన్‌ప్లేల్లో సినిమాగా రానివీ ఉన్నాయి. ఒక దేశపు జాతీయ గ్రంథాలయం అంత సొమ్ము వెచ్చించింది చిత్తుప్రతుల కోసం, ఉత్తరాల కోసం. అచ్చయిన పుస్తకాలు దాని దగ్గర ముందే ఉన్నాయి.

తెలుగులో సమగ్ర సంపుటాల సంప్రదాయం మెచ్చదగినదే. ఆత్రేయ రచనలు ఆయన మరణానంతరం కొంగర జగ్గయ్య పూనికతో ఏడు సంపుటాలుగా వచ్చాయి. ఆ పని జరగకపోతే ఎన్నో పాటలు, నాటకాలు చెదిరిపోయేవి. అయితే సంపుటం తుది పాఠాన్ని కాపాడుతుంది. రాయకుండా నిర్మాతలను, రాసి ప్రేక్షకులను ఏడిపిస్తాడని పేరుపడ్డ రచయిత ఒక పల్లవి కోసం ఎన్ని కాగితాలు చించాడో, నిర్మాత ఎన్ని ఉత్తరాలు రాశాడో సంపుటంలో పట్టదు. సంపుటం అచ్చయింది కనుక చేతిప్రతులతో ఇక పనిలేదనుకోవడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు.

కాగితాలను భద్రపరచే శాస్త్రంలో మొదటి సూత్రం, అవి దొరికిన వరసను చెదరగొట్టకూడదన్నది. రచయిత ఒక ట్యాగులో కలిపి కట్టిన కాగితాలు అలా ఎందుకు కలిశాయో చూసినవారికి వెంటనే తెలియకపోవచ్చు. ఒక పాట చిత్తు, ఒక ఉత్తరం, ఒక కత్తిరించిన వార్త కలిసి ఉంటే, ఆ వార్త చదివి ఆ పాట పుట్టి ఉండవచ్చు. పాటలన్నీ ఒక దొంతర, ఉత్తరాలన్నీ ఒక దొంతరగా సర్దితే చూడటానికి బాగుంటుంది, ఆ సంబంధం మాత్రం శాశ్వతంగా తెగిపోతుంది. ప్రముఖుల సంతకాలున్న ఉత్తరాలు ఏరి ఫ్రేము కట్టించడం, మిగతావి పాత పేపర్లవాడికి తూకానికి వేయడం ఇంకా ఘోరం. పరిశోధకుడికి పనికొచ్చేది ఆ తూకానికి పోయిన భాగమే.

చెన్నై వాతావరణం కాగితానికి శత్రువు. కాగితాలు నిలవాలంటే గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండాలంటారు. ఈ ఊళ్లో ఏడాదిలో చాలా కాలం అది 70 శాతం దాటుతుంది. తుప్పుపట్టిన గుండుసూది చుట్టూ కాగితం గోధుమరంగు తిరిగి రాలిపోతుంది. ఫౌంటెన్ పెన్ నీలి సిరా తడికి పాకిపోతుంది. సైక్లోస్టైల్ (స్టెన్సిల్‌తో తీసిన) ప్రతుల కాగితం పెళుసెక్కుతుంది. 1990లలో చెన్నై నుంచి హైదరాబాద్ షూటింగులకు ఫ్యాక్సులో పంపిన సీన్లకు థర్మల్ కాగితం మీద వచ్చిన ప్రతులయితే వెలిసి తెల్లకాగితాలవుతున్నాయి. వాటిని వెంటనే ఫొటో తీయకపోతే మరి దొరకవు. మంచి చేద్దామని సెల్లోటేపు అంటించడం, లామినేషన్ చేయించడం మరింత చెరుపు. టేపు జిగురు మరకై లోపలికి దిగుతుంది, లామినేషన్ తీయడం అసాధ్యం. పూర్వులు తాళపత్రాల దగ్గర వస కొమ్ము, వేపాకు ఉంచేవారు. పురుగును దూరం పెట్టడానికి ఆ పద్ధతి ఇప్పటికీ మంచిదే, ఆకు కాగితానికి నేరుగా తగలకుండా చూసుకుంటే. 2015 డిసెంబరు వరదల్లో అడయారు నది పొంగి సైదాపేట, జాఫర్‌ఖాన్‌పేట, కొట్టూరుపురం, పశ్చిమ మాంబళం ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడు కింది అరల్లో ఉన్నవే ముందు మునిగాయి. తడిసిన కాగితానికి రెండు రోజుల్లో బూజు పడుతుంది. విడదీసి ఆరబెట్టే తీరిక లేకపోతే ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచితే చెడకుండా నిలుస్తుంది, తర్వాత నిపుణుల చేత నెమ్మదిగా ఆరబెట్టించుకోవచ్చు. ఎండలో పరచడం సిరాకు ప్రమాదం.

కుటుంబాలు ముందుకు రాకపోవడానికి చట్టం గురించిన భయం ఒక కారణం. కాగితం యాజమాన్యం వేరు, అందులోని రచన మీద కాపీరైటు వేరు. స్క్రిప్టు హక్కులు నిర్మాతకు రాసిచ్చినా, రచయిత దగ్గర మిగిలిన చిత్తు కాగితాలను వారసులు గ్రంథాలయానికి ఇవ్వడానికి ఆ ఒప్పందం సాధారణంగా అడ్డు కాదు. అచ్చువేయాలంటేనే హక్కుల ప్రశ్న వస్తుంది. 1957 కాపీరైటు చట్టం ప్రకారం రచయిత జీవితకాలంలో ప్రచురితమైన రచన మీద హక్కు ఆయన మరణించిన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్ళు ఉంటుంది. ఆ లెక్కన 1953లో మరణించిన బలిజేపల్లి లక్ష్మీకాంతం ప్రచురిత నాటకాల గడువు 2013తో తీరింది, పింగళి నాటకాలకు 2031 చివరిదాకా ఉంది. మరణించేనాటికి అచ్చుకాని రచన అయితే తొలిసారి ప్రచురించినప్పటి నుంచి 60 ఏళ్ళు లెక్క. ప్రచురితం కాని చేతిప్రతిని రచయిత వీలునామాలో ఎవరికైనా ఇస్తే, వేరుగా చెప్పనంతవరకు కాపీరైటు కూడా వారికే వెళ్తుందని అదే చట్టం అంటుంది. అంతగా తెలియని మరో నిబంధన కూడా ఉంది. చేతిరాత మూలప్రతి పదివేల రూపాయలకు మించిన ధరకు మళ్ళీ అమ్ముడైతే, తొలి హక్కుదారైన రచయితకు లేదా వారసులకు అందులో కొంత వాటా దక్కాలి. ఆ వాటా పది శాతానికి మించదు. ఇవన్నీ దానపత్రంలో రెండు పేరాల్లో తేల్చుకోగల విషయాలు. వ్యక్తిగత ఉత్తరాలను ఇన్నేళ్లదాకా ఎవరికీ చూపకూడదని షరతు పెట్టే వీలు కూడా ఉంది.

ఇచ్చే చోటు గురించి ఆలోచించాలి. చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో కంపెనీ కాలపు ఇంగ్లిషు అధికారులు మెకంజీ, బ్రౌను సేకరణల తెలుగు ప్రతులు ఉన్నాయి. ఆ తాళపత్రాలకు దక్కిన గౌరవం ఇరవయ్యో శతాబ్దపు స్క్రిప్టు కాగితానికి దక్కలేదు. తరమణిలోని రోజా ముత్తయ్య పరిశోధన గ్రంథాలయం 1994లో, చెట్టినాడుకు చెందిన ఒక సేకర్త పోగుచేసిన పుస్తకాలు, పాటల పుస్తకాలు, నాటక నోటీసుల పునాది మీద వెలిసింది. తేలికగా పారేసే కాగితాలే రేపటి చరిత్రకు ఆధారాలని ఈ నగరంలోనే ఆ సంస్థ రుజువు చేసింది. దాని ప్రధాన దృష్టి తమిళం. అదే స్థాయి శ్రద్ధ తెలుగు నాటక, సినీ రచయితలకు పెట్టే విభాగం ఒకటి అవసరం. అది చెన్నైలో ఉంటుందా, హైదరాబాదులోనా, విజయవాడలోనా అన్నదానికన్నా, ఒక రచయిత కాగితాలు మొత్తం ఒకే చోట ఉండటం, వాటికి వివరమైన పట్టిక ఉండటం ముఖ్యం. రెండో ప్రతి స్కాన్ రూపంలో మరో ఊళ్లో ఉండాలి. 2000 ఆగస్టు వరదలో హైదరాబాదులోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయానికి జరిగిన నష్టం ఆ అవసరాన్ని చూపించింది.

ఇప్పుడు రాస్తున్నవారి విషయంలో కష్టం మరో రకం. 1990ల నుంచి చాలా తెలుగు స్క్రిప్టులు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో టైపు చేయించినవి. ఆ ఫాంటు, ఆ సాఫ్ట్‌వేర్ లేని కంప్యూటరులో ఆ ఫైలు తెరిస్తే అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు కనిపిస్తాయి. అది పాడైన ఫైలు అనుకుని చెరిపేసినవారు ఎందరో. కన్వర్టరుతో, ఏ కంప్యూటరులోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లోకి మార్చవచ్చు, ఒత్తులు కొన్ని తప్పుతాయి కనుక పాత ఫైలునూ ఉంచుకోవాలి, ఒక ప్రింటూ తీసి పెట్టుకోవాలి. ఫైలు మీద కొత్త మార్పు భద్రం చేసినప్పుడల్లా పాతది చెరిగిపోతుంది కాబట్టి, వెర్షన్ వెర్షన్‌కూ వేరే పేరు పెట్టుకోని రచయిత దగ్గర చిత్తుప్రతి అన్నదే మిగలదు. సీను మీద చర్చ వాట్సాప్ సందేశాల్లో జరుగుతోంది. ఫోను మారితే అదీ పోతుంది.

ఇంట్లో అలాంటి పెట్టె ఉన్నవారు చేయగలిగిన మొదటి పనికి డబ్బు అక్కర్లేదు. ముట్టుకోకముందే అటకను, పెట్టెను, కట్టలను ఉన్నవి ఉన్నట్టు ఫొటో తీయాలి. ప్రతి కట్టకు ఒక సంఖ్య ఇచ్చి, సిరాతో కాకుండా పెన్సిలుతో వేరే చీటీ మీద రాసి పైన పెట్టాలి. గుండుసూదులు తీసేటప్పుడు ఏ కాగితాలు ఏ సూదికి ఉన్నాయో విడిపోకుండా మడత కాగితంలో పెట్టాలి. తర్వాతి పని ఆలస్యం చేయకూడనిది. రచయిత దగ్గర నకళ్లు రాసిన సహాయకులు, కథా చర్చల్లో కూర్చున్న సహ దర్శకులు, ప్రాంప్టింగు చేసినవారు ఎనభైలు దాటి ఉన్నారు. వారి ముందు ఆ పేజీలు పరిచి, ఇది ఎవరి చేతిరాత అని అడిగి, ఒక్కొక్కరి చేతిరాతకు ఒక నమూనా పేజీ ఎంచి, చెప్పినవారి పేరు, తేదీ వేసి, ఆ నమూనాల కట్టను పట్టికతో పాటు మొదటి పెట్టెలో ఉంచాలి.